పాముకాటు మీద నా ప్రాక్టికల్ క్లాసు

నా పరువు పోయింది గానీ, ఒక మనిషి ప్రాణం దక్కిందండీ. కాబట్టి నవ్వేవాళ్ళు హాయిగా నవ్వుకోండి. ముందు టీ చల్లారిపోతోంది, తాగండి.

వట్లూరు స్కూల్లో సైన్సు చెప్పుకునే నన్ను వానాకాలం మొదట్లో కైకలూరు పిలిచారు. ఒక చేపల చెరువు యజమాని తన దగ్గర పనిచేసేవాళ్ళకి ప్రమాదాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగు మాటలతో ఆగే మనిషినా నేను? రెండు రోజులు కూర్చుని, ప్రపంచంలో మనిషిని ఎక్కువగా చంపే ప్రకృతి ప్రమాదాలన్నిటికీ స్లైడ్లు చేశాను. భూకంపం, సునామీ, అగ్నిపర్వతం, వడగాడ్పు, పిడుగు, దోమ, పాము. దేన్నీ వదల్లేదు.

చెరువు గట్టు మీద మేత బస్తాల షెడ్డులో మీటింగు. బూట్లకి బురద అంటిందని విప్పి మూలన పెట్టాను. భూకంపం దగ్గరే సగం మంది ఆవులించారు. అగ్నిపర్వతం రాగానే, మేత వేసే నాగమణి అనే ఆవిడ లేచింది.

"అవన్నీ మా గట్టు మీదకి రావు గానండీ, పాము సంగతి చెప్పండి. మాకు రోజూ కనపడేది అదే."

ఇంకేం, రెచ్చిపోయాను. పాము కరిస్తే కంగారు పడకూడదు. పరిగెత్తకూడదు. గట్టిగా కట్టు కట్టకూడదు, బ్లేడుతో కోయకూడదు. కాలు కదపకుండా తిన్నగా ఆసుపత్రికి పోవాలి. అన్నిటికంటే ముందు, చెప్పుల్లేకుండా తిరగకూడదు అని వేలెత్తి చెబుతూ ఒక్కడుగు వెనక్కి వేశాను. వెనకాల పాత వల కుప్పగా పడి ఉంది.

మడమలో చురుక్కుమంది! మంట మోకాలి దాకా పాకింది.

ఇక చూడాలి నా సైన్సు. పామని కేకేసి, రెండు కుర్చీలు దూకి, గట్టు మీద పరుగో పరుగు. ఊపిరాడక కూలబడి, మెడలో ఐడీ కార్డు తాడు తీసి పిక్కకి బిగించేశాను. బ్లేడుందా అని కూడా అడిగానట. నాకైతే గుర్తులేదు, అక్కడున్న వాళ్ళందరికీ గుర్తుంది. మా ఆవిడకి ఫోన్ చేసి బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెప్పేశాను. నిజం చెప్పొద్దూ, ఏడ్చాను కూడా. చచ్చిపోతున్నాననే అనుకున్నానండీ.

నాగమణి తాపీగా నడిచొచ్చి నా పిక్కకున్న తాడు విప్పింది. మడమలోంచి ఏదో లాగి నా అరచేతిలో పెట్టింది. జెల్ల చేప ముల్లు! వలలో ఉండిపోయిందట. అది గుచ్చుకుంటే వచ్చే నొప్పి పగవాడికి కూడా వద్దు, కానీ ఎవరూ చావరు. షెడ్డంతా ఒకటే నవ్వు. మిగతా స్లైడ్లు చూపించకుండానే ల్యాప్‌టాప్ మూసేసి, కుంటుకుంటూ బస్సెక్కాను.

నెల తిరిగేసరికి నాగమణి ఫోన్. వాళ్ళాయన్ని గట్టు మీద నాగుపాము కరిచిందట. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఏం చేశారమ్మా అన్నాను.

"మీరు ఆ రోజు చేసిందొక్కటీ చెయ్యలేదండీ."

ఆయన్ని పరిగెత్తనివ్వలేదట. పక్కవాళ్ళు తాడు తెస్తే, మాస్టారి లాగా చెయ్యొద్దని లాక్కుని చెరువులో పారేసిందట. కాలు కదలకుండా పడుకోబెట్టి, ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. ఇంజెక్షన్ టైముకి పడింది. ఇప్పుడు మనిషి లేచి కూర్చుని చారన్నం తింటున్నాడట!

గెలిచానండీ! ఇన్నేళ్ళ సర్వీసులో నా పాఠం ఒక్కటైనా ఇలా ఒకరికి అక్కరకొచ్చిందా? ఆ సంతోషం పట్టలేక స్టాఫ్‌రూములో అందరికీ పూతరేకులు పంచాను.

నిన్న ఆ యజమాని మళ్ళీ ఫోన్ చేశారు. పిడుగులు పడుతున్నాయి, మావాళ్ళు మీరే రావాలని పట్టుబడుతున్నారు అన్నారు. ఛాతీ ఉప్పొంగింది. ఈసారి స్లైడ్లు ఎన్ని తెమ్మంటారని అడిగాను.

"స్లైడ్లు వద్దంటున్నారు మాస్టారూ. పిడుగు పడేటప్పుడు మీరేం చేస్తారో చేసి చూపిస్తే చాలట. అది తప్ప మిగతావన్నీ చేసి బతికిపోతామంటున్నారు."