మా చెలమను తీసేయడం లేదట

మా చెలమను తీసేయడం లేదట... ఉంచేస్తున్నారట! పొద్దున్నే మా అమ్మాయి కరుణ ఫోన్ చేసి చెప్పింది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎవరికి చెప్పినా "ఏం చెలమ, ఎవరు తీసేస్తారు?" అంటున్నారు. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... గూడూరు దగ్గర కోట అనే ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డు పల్లెలో ఉండేవాళ్ళం. ఒక ఏడాది ఉప్పెన వచ్చి బావులన్నిటినీ ఉప్పు చేసి పోయింది. గొడ్లు కూడా మూతి పెట్టి చూసి తల తిప్పుకునేవి.

అప్పుడు మా పెద్దక్క మమ్మల్ని సరుగుడు తోపు అవతలి ఇసుక దిబ్బల దగ్గరికి తీసుకుపోయేది. కొబ్బరిచిప్పతో మోచేతి లోతు గుంట తవ్వేది. దాన్నే చెలమ అంటాం. మొదట ఊరిన నీళ్ళు బురదగా ఉంటాయి, తోడి పారబోయాలి. ఆ తర్వాత ఆగాలి... ఊరికే కూర్చుని ఆగాలి. అప్పుడు తేటనీళ్ళు వచ్చేవి. ఒకరు ఒక బిందె నింపుకుని పక్కకు జరిగితే, మళ్ళీ ఊరేదాకా తర్వాతివాళ్ళు కూర్చునేవాళ్ళు. పల్లెలో కబుర్లన్నీ ఆ కూర్చున్నచోటే తెలిసేవి.

నాకు ఓపిక తక్కువ. ఇంకాస్త లోతు చేస్తే తొందరగా నిండుతుంది కదా అని చిప్ప ఎత్తితే, అక్క చెయ్యి పట్టుకునేది.

"తవ్వబాక అబ్బయ్యా. పైన తియ్యనీళ్ళు, కింద సముద్రం ఉండాది. ఆశపడినావంటే అదే వస్తాది పైకి."

కరుణ పసిపిల్లగా ఉన్నప్పుడు అన్నం తినిపిస్తూ ఈ కథే చెప్పేవాణ్ణి. వేరే కథలు నాకు రావు మరి.

ఇప్పుడు కరుణ హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే చోట పనిచేస్తోంది. లోకమంతా పాడైపోయాక మిగిలిన నలుగురూ ఎలా బతుకుతారన్నది వాళ్ళ ఆట. మనం అందులో ఒక మనిషిగా తిరగాలి. ఎవరైనా పలకరిస్తే రెండు మూడు జవాబులు చూపిస్తుంది, మనం ఎంచుకున్న జవాబును బట్టి కథ నడుస్తుంది. మొదటి భాగం బాగా ఆడిందట. రెండో భాగంలో సముద్రం ఊళ్ళమీదికి వచ్చేసి ఉంటుంది, తాగే నీళ్ళకే కరువు. ఆ నీళ్ళ సంగతి కరుణకు అప్పజెప్పారు. అది తీసుకుపోయి మా చెలమను పెట్టింది! తోడి పారబోయాలి, ఆగాలి, ఆశపడి తవ్వితే ఉప్పునీళ్ళు.

వాళ్ళ పైఆయన ఒప్పుకోలేదట. "ఆడేవాళ్ళు ఆగరమ్మా. సరే, కొన్నాళ్ళు చూద్దాం, తిట్టుకుంటే తీసేద్దాం" అన్నాడట. కరుణ నాతో ఒకటే మాట అంది. "ఇంత ఆటలో నాదంటూ ఉండేది అదొక్కటే నాయనా."

ఆట విడుదలైన రోజు నేను దాని ఇంట్లోనే ఉన్నాను. ఆడే మీటల పెట్టె నా చేతిలో పెట్టింది. నాకు భలే నచ్చింది... నీళ్ళలో సగం మునిగిన వంతెనలు, తుప్పుపట్టిన బస్సులు, గోనెపట్టాలు కట్టుకున్న మనుషులు. ఒక ముసలమ్మ మన వెంటే నడుస్తుంది, నోరు విప్పదు. దూరంగా దొంగలు వస్తున్నారు, మన మనిషి దాహంతో తూలుతున్నాడు. చెలమ కనిపించింది. కంగారులో గబగబా తవ్వేశాను. ఉప్పునీళ్ళు ఉబికాయి. తాగి మన మనిషి పడిపోయాడు.

"నాయనా... చెప్పిందీ నువ్వే, తవ్విందీ నువ్వేనా?"

"దాహమైంది గదమ్మా."

"వాడికా, నీకా?"

నవ్వింది గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నాయనే ఆగలేదంటే ఇంకెవరు ఆగుతారనుకుందో ఏమో.

అదే జరిగింది. ఆడినవాళ్ళు రాసినవన్నీ నాకు తెలుగులో చదివి వినిపించేది. బొమ్మలు అద్భుతం, కథ మొదటి భాగం కన్నా బాగుంది... నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి తిట్లు. నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి, ఆటలో తప్పుంది, బాగుచెయ్యండి అని ఒకరు. గుంట పక్కన కూర్చోడానికా కొనుక్కున్నాం అని ఇంకొకరు. కరుణకు అన్నం సయించలేదు.

అప్పుడు ఎక్కడో ఏ దేశంలోనో ఒకామె రాసింది. చెలమ తవ్వి, టీ పెట్టుకోడానికి లేచి వెళ్ళిందట. తిరిగొచ్చేసరికి నీళ్ళు తేటపడ్డాయి... వెంట వచ్చే ముసలమ్మ నోరు విప్పి తన పల్లె సంగతి చెబుతోంది. ఆగినవాళ్ళకే వినిపించేలా కరుణ ఆ మాటలు పెట్టింది. ఎవరికి వాళ్ళు తెలుసుకోవాలని ముందుగా చెప్పలేదు, నాకు కూడా.

ఇంక చూడండి... అందరూ కూర్చోవడం మొదలుపెట్టారు. నాకు ముసలమ్మ పెళ్ళి సంగతి చెప్పింది అని ఒకరు, నాకు పోయిన కొడుకు సంగతి అని ఒకరు. ఆటలో తప్పుంది అన్నతనే మళ్ళీ రాశాడు. ఊరికే కూర్చున్నాను, బాగుంది అని.

నేనూ మళ్ళీ ఆడాను. ఈసారి ఆగాను. ముసలమ్మ ఇంగ్లీషులో ఏదో చెప్పుకుపోతూ, మధ్యలో మన మనిషిని "అబ్బయ్యా" అంది. నాకు కళ్ళు మసకబారి నీళ్ళు తేటపడటం సరిగా చూడలేకపోయాను.

ఇప్పుడు మా దిబ్బల చోట రొయ్యల గుంటలున్నాయి. క్యాను నీళ్ళ బండి వస్తుంది, హారన్ కొడుతుంది, దించేసి పోతుంది. నీళ్ళ దగ్గర ఒకరికోసం ఒకరు కూర్చునే పని లేదు. మీ ఊళ్ళో నీళ్ళు ఊరేదాకా ఎవరు ఏం కబుర్లు చెప్పేవాళ్ళు? గుర్తుంటే కింద రాయండి, అన్నీ చదువుతాను.

సరే, ఆ రాతలన్నీ చూసి పైఆయన చెలమను ఉంచేయమన్నాడన్న ఈ కబురు చెప్పాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు. కోవూరులో తమ్ముడు, మరదలు. గేములు పిల్లల్ని చెడగొడతాయన్న మా బావ... ముందు ఆయనకే. ఆదివారం చర్చి అయ్యాక మేనత్త కూతురు సువార్త. గూడూరులో చిన్నక్క, ఆమె కోడళ్ళు. ఆఖరికి మనుబోలులో పెద్దక్క. ఆమెకు ఫోన్లో వినపడదు, నేనే పోవాలి. అంతా విని ఏం అడుగుతుందో నాకు తెలుసు.

"నువ్వు ఆగినావా అబ్బయ్యా, తవ్వినావా?"

బస్సులో ఆలోచించుకోవాలి.