గొంతు సర్దుకునే వ్యవధి

ఈ ఉదయం పాత సామాన్లు సర్దుతుంటే ఒక ఇయర్‌ఫోన్ బయటపడింది. చెవికి ఆనే నల్లటి స్పాంజి ముట్టుకోగానే పొడిపొడిగా రాలి వేళ్లకు అంటుకుంది. దానిలో ఇంకా కొబ్బరినూనె, తలనొప్పి మందు కలిసిన వాసన ఉంది. అది సీతామహాలక్ష్మిగారి వాసన. సర్దడం మానేశాను.

ఆవిడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెలిఫోన్ ఎంక్వయిరీ చూసేవారు. చూపు లేదు. నర్సులు రోజూ రోగుల వివరాలు చదివి వినిపిస్తే, అన్నీ గుర్తుపెట్టుకుని ఫోన్ చేసినవాళ్లకు చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటాక ఆసుపత్రికి కంప్యూటర్లు వచ్చాయి. ఇక ఎవరూ చదివి వినిపించరు, తెర మీద చూసుకోవాల్సిందే అన్నారు. తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం ఒకటుంది. కానీ దాన్ని దాని మానాన వదిలేస్తే కనబడిందల్లా చదువుకుంటూ పోతుంది. ఏ మీట నొక్కితే ఏ మాట, ఎప్పుడు పలకాలో విడిగా రాసిపెట్టాలి. దాన్నే స్క్రిప్టు అంటారు. అది కుదరకపోతే ఆవిడ ఇంటికి వెళ్లిపోవాలని మేనేజరు ముందే చెప్పేశారు. ఆ జీతం మీదే ఆవిడా, చెల్లెలు సరస్వతీ బతుకుతున్నారు.

ఆ స్క్రిప్టు రాసే పని నాకు రావడం అమ్మవారి దయ. పోలియో వల్ల నేను బడికి వెళ్లలేదు. అమ్మ ఇంట్లో చెప్పిన చదువు, అన్నయ్య పుస్తకాల్లో చూసి నేర్చుకున్న కంప్యూటరు, అంతే నా సంపాదన. నన్ను సర్టిఫికెట్ అడగని మొదటి మనిషి ఆవిడే.

"ఎవరి దగ్గర చదువుకున్నావమ్మాయ్?"

"మా అమ్మ దగ్గరండీ."

"కొట్టేదా?"

"లేదండీ."

"అయితే ఆ లోటు నేను తీరుస్తాలే," అన్నారు.

మొదట నేను రాసిన స్క్రిప్టు మహా మర్యాదగా ఉండేది. ముందు నమస్కారమండీ, తరవాత మీరడిగిన వారి వివరాలండీ, ఆపైన పేరు, గది, చిట్టచివర రోగి పరిస్థితి. మా ఇంట్లో పెద్దవాళ్లతో అలాగే మాట్లాడతాం. యంత్రానికీ అదే నేర్పాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును అది దొరలా పలుకుతుంటే ఆవిడ పడీపడీ నవ్వేవారు.

కానీ దానికొక గుణం ఉంది. మాట ముగిసేలోగా ఇంకో మీట నొక్కితే మిగతాది మింగేస్తుంది. చల్లపల్లి నుంచి ఒకబ్బాయి ఫోన్ చేసిన రోజు నేను పక్కనే ఉన్నాను. "మా అమ్మ ఎలా ఉందండీ? టిఫిన్ పట్టుకుని బయల్దేరుతున్నాం." ఇయర్‌ఫోన్‌లో యంత్రం గది నంబరు చెప్పగానే అలవాటుగా ఆవిడ వేలు తరవాతి మీట మీద పడింది. రమ్మని చెప్పబోయి ఎందుకో ఆగారు. "లైన్లో ఉండు బాబూ," అని మళ్లీ మొదటినుంచి విన్నారు. ఈసారి చివరిదాకా విన్నారు. ఆ తల్లి ఆ తెల్లవారుజామునే పోయింది.

"పక్కన పెద్దవాళ్లెవరైనా ఉన్నారా నాయనా? ముందు నువ్వు కూర్చో," అన్నారు. అతను కూర్చున్నానన్నాకే చెప్పారు.

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. "ఈ నమస్కారాలన్నీ తీసెయ్యి. ముందు మనిషి ఉందో లేదో చెప్పించు. చెప్పాక కాసేపు నోరు మూసుకోమను."

"ఎందుకండీ?"

"నేను గొంతు సర్దుకోవద్దూ? గది నంబరు ఎక్కడికి పోతుంది?"

ఆ కాసేపు ఎంతన్నది తేలడానికి చాలా తంటాలు పడ్డాం. తక్కువైతే ఆవిడకు ఊపిరి అందదు. ఎక్కువైతే అవతలివాళ్లు హలో హలో అని కంగారుపడతారు. చివరికి ఆవిడే అన్నారు, "గుళ్లో అర్చన చేయించుకుంటావుగా. పూజారి గోత్రం కోసం ఆగుతాడు చూడు, అంత. ముందే చెబితే మంత్రంలో కలిసిపోతుంది. ఆలస్యమైతే పక్కవాళ్ల గోత్రం అందుకుంటాడు." ఆ కొలత నాకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. అలాగే రాశాను.

పరీక్ష చూడడానికి వచ్చిన మేనేజరు స్పీకరులో విని మొహం చిట్లించారు. "ఇదేంటండీ, మధ్యలో ఆగిపోయింది? చెడిపోయిందా?"

"లేదండీ, ఆలోచించుకుంటోంది. మన ఆసుపత్రిలో అదొక్కటైనా ఆ పని చెయ్యనివ్వండి," అన్నారావిడ.

ఆయన నవ్వేశారు. కుర్చీ ఆవిడకే దక్కింది.

కొన్నేళ్లే. తరవాత రికార్డు చేసిన గొంతు వచ్చింది, దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి అంటూ. దానికి చెవిలో చెప్పేవాళ్లెవరూ అక్కర్లేదు. ఆవిడను ఒక శాలువాతో పంపేశారు. వెళ్తూ వెళ్తూ తన ఇయర్‌ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకిక వినేదేముందే," అన్నారు. ఇంట్లో ఆవిడ రోజంతా మాట్లాడకుండా కూర్చుంటున్నారని సరస్వతి అప్పుడప్పుడు చెప్పేది.

ఒక వానాకాలం సాయంత్రం ఫోన్ మోగింది. "నేను సరస్వతినండీ. అక్కయ్య..." అని ఆగింది.

హలో అనలేదు నేను. గోడ పట్టుకుని నడిచి, బల్ల మీద కూర్చున్నాను. ఆమె తొందరపడలేదు. తక్కిన మాట వచ్చేసరికి నేను కూర్చునే ఉన్నాను.

ఇప్పటికీ స్క్రిప్టులే రాస్తున్నాను. చెడు కబురు పలికే చోట ఆ కాస్త నిశ్శబ్దం ఉంచుతాను. కంపెనీలో వాటిని పరీక్షించే పిల్లలు ప్రతిసారీ, మేడమ్, ఇక్కడ గొంతు ఆగిపోతోంది, సరిచేయండి అని రాసి పంపుతారు. నేను సరిచేయను. మనసులో దణ్ణం పెట్టుకుని తరవాతి వరసకు వెళ్తాను.