తూకానికి రాని పుట్టీ

పడవలు కట్టే ఆ షెడ్డులో తూకం మాస్టారి కన్నుగప్పి చెంచా కూడా పడవెక్కలేదని ప్రతీతి. ఆ ప్రతీతిని ఊదరగొట్టింది కూడా మాస్టారే. ఇరవై రెండేళ్ళుగా గుమ్మం పక్కన కాటా పెట్టుకుని, లోపలికి వెళ్ళే ప్రతి మేకునూ, తలుపు పిడినీ, పరుపునూ తూచి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. ఒకసారి వడ్రంగి జేబులో స్క్రూడ్రైవరుతో లోపలికి వెళ్తుంటే వెనక్కి పిలిచి తూచారు. బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ తూచారు, అదే స్క్రూడ్రైవరు అవునో కాదో తేల్చుకోవాలి కదా. ఇంట్లో భార్య కాఫీ గ్లాసు చేతికిస్తూ, తూచుకునే తాగండి అని దెప్పేది. ఆయన అది మెచ్చుకోలు అనుకునేవారు.

ఇంత చాదస్తానికి కారణం లేకపోలేదు. అక్కడ కట్టేవి పందెంలో పరుగెత్తాలి, సెలవుల్లో కాపురానికీ పనికిరావాలి. ముందు భాగం కత్తిలా సన్నగా ఉంటుంది. వెనక భాగం వెడల్పుగా, చదునుగా ఉంటుంది కాబట్టి మంచి గాలి దొరికితే పడవ నీళ్ళను కోసుకుంటూ కాదు, నీళ్ళ మీద జారుతూ పోతుంది. గోడలేమో రెండు పలచటి పొరల మధ్య నురుగు పలక పెట్టి అతికించినవి. తెరచాప కొయ్య కార్బన్‌తో చేసింది, కొయ్య అన్నది పేరుకే. పైనంతా ఇలా పీనాసితనం చేసి, అడుగున మాత్రం రెక్కలా దిగే కీల్ చివర మూడు టన్నుల సీసం దిమ్మ వేలాడదీస్తారు. గాలికి పడవ పక్కకి ఒరిగితే ఆ సీసమే లాగి నిలబెడుతుంది. ఇంత తంటాలు పడి తేలిక చేసిన పడవను చూడటానికి వచ్చిన పెద్దమనుషులు అడిగే మొదటి ప్రశ్న, స్నానానికి వేన్నీళ్ళు వస్తాయా అని.

ఈసారి కట్టిన నలభై అయిదు అడుగుల పడవ ఒక పళ్ళ డాక్టరమ్మది. ఇరవై ఏళ్ళు జనం నోళ్ళలోకి తొంగిచూసి విసుగెత్తి, సముద్రం దాటి రావాలని ఆవిడ నిర్ణయించుకుంది. భర్తకు నీళ్ళంటే భయం కాబట్టి ఒడ్డున ఉండి ఫోన్లు ఎత్తడానికి ఒప్పుకున్నాడు. తోడు వచ్చేది డెబ్భై ఒక్క ఏళ్ళ అత్తగారు. కోడలితో కలిసి సముద్రం మీద ఆరు నెలలు ఉండటానికి ఆవిడ పెట్టిన షరతులు మూడే: బట్టలుతికే మిషను, కుట్టు మిషను, వీపు ఎత్తుగా ఉండే కుర్చీ. నలభై ఎనిమిది కిలోలు, పదకొండు, పద్నాలుగు. మాస్టారు తూచి రాశారు. ఆ బరువులన్నీ కలుపుకునే, పడవ నీళ్ళలో ఎంతవరకు మునుగుతుందో లెక్కకట్టి, పొట్ట చుట్టూ ఎర్ర గీత గీశారు.

ఇక ఎగుడుదిగుళ్ళు పూడ్చి నున్నగా చేసే పుట్టీ సంగతి. కాటా వెనక గోడకి మాస్టారు సొంత దస్తూరీతో రాసిన బోర్డు ఒకటుంది. రంగు, జిగురు, పుట్టీ తూకానికి రావు, అవి పనే తప్ప సామాను కాదు అని దాని సారాంశం. అది రాసిన రోజుల్లో చెక్కతో ఏనుగుల్లాంటి పడవలు కట్టేవాళ్ళు, డబ్బాడు పుట్టీ ఎక్కువైనా అడిగేవాడు లేడు. తర్వాత పడవలు మారాయి, బోర్డు మారలేదు. పుట్టీ పనికి పెద్ద ఎవరంటే మాస్టారి బావమరిది, ఆ ఉద్యోగం ఇప్పించింది మాస్టారే. ఈ పడవ అచ్చులోంచి కాస్త ఎగుడుదిగుడుగా వచ్చింది. బావమరిదికి పంతం పట్టింది. పట్టించాడు, గీకాడు, మళ్ళీ పట్టించాడు. రెండు నెలలకి పడవ పొట్ట అద్దమైంది, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. మాస్టారైతే అందులో చూసుకుని తల కూడా దువ్వుకున్నారు.

తీరా నీళ్ళలోకి దించితే ఎర్ర గీత బొటనవేలి వెడల్పున మునిగిపోయింది. అంటే సుమారు నాలుగు వందల కిలోలు ఎక్కువ. పడవ ఎంత మునిగితే అంత నీటిని లాగాలి, లాగినకొద్దీ నెమ్మదిస్తుంది, బ్రోషర్‌లో వేసిన వేగం బ్రోషర్‌లోనే ఉండిపోతుంది. మాస్టారు పుస్తకం మూడుసార్లు కూడారు, తప్పు దొరకలేదు. షెడ్డు యజమాని మాత్రం వెతికే శ్రమ పెట్టుకోలేదు. ముసలావిడ సామాను అన్నాడు. డెబ్భై మూడు కిలోల సామాను, అదీ ముందే లెక్కలో వేసింది, నాలుగు వందలెలా అయిందని ఎవరూ అడగలేదు. మాస్టారు కూడా తలాడించారు. తన పుస్తకం జోలికి రాని కారణం ఏదైనా ఆయనకు సమ్మతమే.

మూడో రోజు వడ్రంగి బల్ల దగ్గర ఆయన కంట పడింది ఒక గుండ్రటి బిళ్ళ. బట్టల మిషను నీళ్ళు బయటికి పోవడానికి పడవ గోడకి రంధ్రం చేసినప్పుడు ఊడిన ముక్క అది. వడ్రంగి దాన్ని టీ గ్లాసు మీద మూతగా వాడుకుంటున్నాడు. అంచు చూస్తే లోపలి పొర, నురుగు, బయటి పొర, వాటి మీద పెన్సిలు మందాన తెల్లటి పుట్టీ. మాస్టారు పుట్టీ ఊడదీసి తూచారు. పడవ పొట్టంతటికీ లెక్కకట్టారు. నాలుగు వందల ఇరవై వచ్చింది. తప్పు తన బోర్డుది. బిళ్ళను జేబులో వేసుకున్నారు. చెబితే ఇరవై రెండేళ్ళ పేరు పోతుంది, బావమరిది పరువు పోతుంది, ఇంట్లో అన్నం పెట్టే ఇల్లాలు మొహం తిప్పుకుంటుంది. చెప్పకపోతే ఏమీ పోదు. టీ గ్లాసు మూత ఏమైందని ఎవరడుగుతారు?

ఆ మధ్యాహ్నమే యజమాని అత్తాకోడళ్ళను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, మాస్టారినీ పిలిచాడు. యజమాని దగ్గర చక్కటి ఉపాయం ఉంది. పడవను పైకి తీసి, సీసం దిమ్మలో నాలుగు వందల కిలోలు కోసేస్తే గీత దానంతటదే పైకొస్తుంది. వేగం దక్కుతుంది, ఎవరి సామానూ దింపక్కర్లేదు. పడవ ఒరిగితే లేస్తుందని చెప్పే కాగితం మీద మాత్రం మాస్టారు సంతకం పెట్టాలి. కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది, పెన్ను మూత తీసి ఉంది.

అత్తగారు అంతా విని అడిగింది. "ఆ సీసం అసలెందుకు పెట్టారు బాబూ?"

"పక్కకి ఒరిగితే లేవడానికండీ," అన్నాడు యజమాని.

"మరి తీసేస్తే?"

"లేస్తుందండీ. కొంచెం నెమ్మదిగా."

"నేనూ నెమ్మదిగానే లేస్తాను. ఇద్దరం నెమ్మదిగా లేస్తే ఎలా?"

యజమాని నవ్వి, అయితే సామాను తగ్గించుకోవడం తప్ప దారి లేదన్నాడు. డాక్టరమ్మ ఇబ్బందిగా అత్తగారి వైపు చూసింది. ముసలావిడ, సరే, బట్టల మిషను తీసెయ్యండి, చేత్తో ఉతుక్కుంటాను అంది. అది చాలదన్నాడు యజమాని. కుట్టు మిషను కూడా తీసెయ్యమంది. అదీ చాలదన్నాడు. కుర్చీ సంగతి వచ్చేసరికి గొంతు తగ్గింది. నడుం నొప్పికి తెచ్చుకున్నది, పోనీలే, దిండ్లు పెట్టుకుంటాను అంది.

మాస్టారు ఎదురుగా నిలబడి వింటున్నారు. తన తప్పుకి ఒక పెద్దావిడ ఒక్కో సుఖాన్నీ తీసి బల్ల మీద పెడుతోంది. ఆయన జేబులోంచి బిళ్ళ తీసి ఆ కాగితం మీద పెట్టారు.

"మీ సామాను ఏమీ తియ్యొద్దమ్మా. బరువు ఇది. పుట్టీ. నేను తూచలేదు, తూచక్కర్లేదని బోర్డు రాసింది కూడా నేనే. సీసం ముట్టుకుంటే నేను సంతకం పెట్టను."

యజమాని బిళ్ళను తిరగేసి అంచు చూశాడు. తర్వాత యజమాని చూపించిన ఔదార్యం షెడ్డు చరిత్రలో చెప్పుకోదగ్గది. మాస్టారిని ఉద్యోగం లోంచి తియ్యలేదు, కాటా దగ్గర్నుంచి మాత్రం లేపి, తూచనిది నువ్వే గీకమని చేతికి గరుకు కాగితం ఇచ్చాడు. బావమరిది పక్కనే కూర్చుని తన అద్దాన్ని తనే గీకాడు. అద్దంలా ఉందని నువ్వే కదా మెచ్చుకున్నావు బావా అని మొదటి రోజు ఒక్క మాట అన్నాడు, ఆ తర్వాత పదకొండు రోజులు పెదవి విప్పలేదు. ఇంట్లో భార్య కూడా తమ్ముడి పక్షమే. కాఫీ వచ్చేది, దెప్పుపొడుపు వచ్చేది కాదు, మాస్టారికి అదే కష్టంగా ఉండేది. షెడ్డులో కుర్రకారు అటుగా వెళ్తూ, మాస్టారూ, ఈ దుమ్ము తూచారా అని పలకరించేవాళ్ళు. తెల్లటి దుమ్ములో తల నుంచి కాళ్ళ దాకా మునిగి ఆయన గీకుతూ ఉండేవారు.

పన్నెండో రోజుకి పడవ పొట్ట మళ్ళీ ఎగుడుదిగుడైంది. కొత్త బ్రోషర్‌లో దానికి చేతిపని అందం అని పేరు పెట్టారు. ఇక క్రేనుకి వేలాడదీసి తూచాలి. యజమాని తనే తూస్తానని కొక్కెం దగ్గరికి వెళ్ళాడు. అత్తగారు ఒప్పుకోలేదు. తప్పు చెప్పినాయన ఉన్నాడుగా, ఆయన్నే పిలవండి అంది. మాస్టారు దుమ్ము దులుపుకుంటూ వచ్చి నిలబడ్డారు. పడవ గాల్లోకి లేచింది, అడుగున సీసం దిమ్మ చెక్కుచెదరకుండా ఉంది. క్రేను కాటా ముల్లు ఊగి ఊగి ఆగింది. పుస్తకం చెప్పినదానికన్నా ముప్పై ఎనిమిది కిలోలు ఎక్కువ చూపించింది.

యజమాని చెవి దగ్గరికి వంగి, అది గాలి వాటం, వదిలెయ్యమన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. మాస్టారు కాగితం మీద ముప్పై ఎనిమిది ఎక్కువ అని రాసి, కింద సంతకం పెట్టి డాక్టరమ్మకిచ్చారు.

"ఈ ముప్పై ఎనిమిది ఎక్కడిదండీ?" అని అడిగింది ఆవిడ.

మాస్టారు పుస్తకం వైపు చూశారు, పడవ వైపు చూశారు. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆయన నోట విన్నామని షెడ్డులో ఎవరూ సాక్ష్యం చెప్పలేరు.

"తెలియదమ్మా," అన్నారు.

అత్తగారు కోడలి చేతిలోంచి కాగితం తీసుకుని, ఆ సంతకం చదివి, జాగ్రత్తగా మడిచి తన సంచీలో పెట్టుకుంది.

"ఎప్పుడు బయల్దేరుతున్నాం?" అంది.