పిన్ని తోమేసిన రాళ్ళు

రేవు మెట్లు తోమడంలో పిన్నిని మించినవాళ్ళు ఊళ్ళో లేరు. రేవులో అందరికీ ఆమె పిన్నే. పడవ నడిపే ముసలాయన కూడా, తనకంటే పదేళ్ళు చిన్నదని తెలిసీ, నోరారా "పిన్నీ" అనే పిలిచేవాడు. నదిలోకి దిగే ముప్పై నాలుగు మెట్లూ పదిహేడేళ్ళుగా ఆమె చేతిలోనే ఉన్నాయి. మొదటి పడవ రాకముందే మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి, గట్టి బ్రష్షుతో పాచి గీకేసేది. ఆఫీసులకు పరిగెత్తే జనం బూట్లేసుకుని టకటకా దిగుతారు, ఒక్కరు జారినా మాట తనకొస్తుందని ఆమె పట్టింపు. ఇన్నేళ్ళలో జారిపడింది ఇద్దరే. ఒకాయన ఫోను చూసుకుంటూ పడ్డాడు. రెండో మనిషి రేవు సూపర్‌వైజరు. ఆయన ఆఖరి మెట్టు మీద నిలబడి, "ఇక్కడ ఒక్కరు కూడా జారకూడదు" అని చెబుతూ చెబుతూ పడ్డాడు.

ఆ సూపర్‌వైజరుకే ఒక వేసవి మొదట్లో కొత్త ఆలోచన పుట్టింది. శుభ్రమైన రేవుల పోటీ ఏదో పెట్టారు, దానికి ఫోటో పంపాలి. మెట్లొక్కటే సరిపోవట. మెట్ల పక్కన మలుపు దాకా, లోతు లేని చోట పరుచుకున్న రాళ్ళన్నీ మెరవాలి. ఒడ్డున పెరిగిన నీటి గడ్డి మొత్తం పీకెయ్యాలి.

"ఫోటోలో రాయి రాయిలా కనపడాలి పిన్నీ, పచ్చటి జిడ్డులా కాదు" అన్నాడు.

పిన్నికి ఇలాంటి పని చెబితే పండగే. మూడు వారాలు నడుం ఎత్తకుండా తోమింది. గడ్డి పీకి కుప్పలు పోసింది. ఆఖరి రోజు ఒడ్డు మీద నిలబడి చూసుకుంటే, రాళ్ళన్నీ అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల్లా తళతళలాడుతున్నాయి. సూపర్‌వైజరు ఫోటో తీసి పోటీకి పంపాడు.

ఇంట్లో మాత్రం మరిది మొహం మాడిపోయింది. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఆయనకున్న సరదా ఒకటే, ఆ మలుపు దగ్గర గాలం వేసుకుని కూర్చోవడం.

"ఏం వదినా, చేపలకి ఊరొదిలిపొమ్మని చెప్పావా? పది రోజులైంది, ఒక్కటీ ఎర ముట్టుకోలేదు."

"నీ మొహం చూసి పారిపోయుంటాయి" అంది పిన్ని నవ్వుతూ. కానీ మర్నాడు నీళ్ళలోకి తొంగి చూస్తే నిజంగానే ఒక్క చేపపిల్ల కూడా కదలడం లేదు. ఆమెకు కాస్త గుబులు పుట్టింది.

ఆ వారమే నీటి పరీక్షల కేంద్రం నుంచి ఒకామె వ్యానులో దిగింది. ఏటా వస్తుంది, రాళ్ళ మీది పాచిని పళ్ళ బ్రష్షుతో గీకి సీసాల్లో పట్టుకుపోతుంది. రేవులో ఆమెను నీళ్ళ మేడమ్ అంటారు. మేడమ్ ఒక రాయి ఎత్తింది, తిప్పింది, పెట్టేసింది. ఇంకోటి ఎత్తింది. అయిదో రాయికి మొహం తెల్లబోయింది.

"పిన్నీ, ఇక్కడి పాచి ఏమైంది?"

"ఏమవుతుందమ్మా, నేనే తోమేశాను!" అంది పిన్ని, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ.

మేడమ్ పక్కనున్న రాయి మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో పిన్నీ! చేపలకి వడ్డించిన విస్తళ్ళు కూడా కడిగేశారు కదండీ!"

పిన్నికి ఏమీ అర్థం కాలేదు. మేడమ్ ఆమెను చేయి పట్టుకుని మలుపు దాటించి, పిన్ని తోమని చోటి నుంచి జిడ్డుగా ఉన్న రాయి ఒకటి తీసింది. చిటికెడు పాచి గీకి, వ్యాను వెనక పెట్టిన మైక్రోస్కోపులో చూడమంది. పిన్ని ఒక కన్ను మూసుకుని వంగింది. బంగారు రంగు గాజు పెట్టెలు, సన్నటి పడవల్లాంటివి, వందల కొద్దీ. కొన్ని మెల్లిగా జరుగుతున్నాయి కూడా.

"అమ్మో, ఇవి బతికున్నాయే!"

"మరి! ఇవి ఎండతోనే తమ తిండి తాము చేసుకుంటాయి. వీటిని పురుగులూ నత్తలూ తింటాయి. పురుగుల్ని చేపలు తింటాయి."

"గడ్డి సంగతో?"

"గడ్డిని పచ్చిగా తినేవాళ్ళు తక్కువే. కుళ్ళి నానాక పురుగులు నములుతాయి. బతికున్నన్నాళ్ళూ దాని కాడలకి కూడా ఈ పాచి పడుతుంది, సందుల్లో చేపపిల్లలు దాక్కుంటాయి."

పిన్ని నాలుక కరుచుకుంది. "అయితే మెట్లు కూడా తోమకూడదా?"

"మెట్లు తోమండి పిన్నీ. జనం కాళ్ళు విరగ్గొట్టుకోకూడదుగా. ముప్పై నాలుగు మెట్ల మీది పాచి పోతే నదికేం కాదు."

మర్నాడు పిన్ని రెండు బేసిన్లు ఒకదాని తర్వాత ఒకటి సూపర్‌వైజరు గదిలోకి మోసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. రెంటిలోనూ నది నీళ్ళే. ఒకదాంట్లో తను తోమిన రాయి, ఇంకోదాంట్లో మలుపు అవతలి నుంచి తెచ్చిన జిడ్డు రాయి. కాసేపటికి జిడ్డు రాయి మీద మూడు తోకల పురుగులు బిలబిలా నడవడం మొదలుపెట్టాయి. సూపర్‌వైజరు కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.

"కుడతాయా?"

"కుట్టవు సార్, పాచి తింటాయి. నా రాయి చూడండి, ఒక్క పురుగు లేదు. తిండి లేని ఇంటికి ఎవరొస్తారు? ఇక మెట్ల వరకే తోముతాను. రాళ్ళు, గడ్డి నేను ముట్టను."

"మరి మన ఫోటో..."

"ఫోటోకి ఏమొచ్చింది సార్?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఏమీ రాలేదు. రేవు బోసిగా ఉందన్నారు."

పిన్నికి నవ్వాగలేదు. ఆయనా తల గోక్కుంటూ నవ్వేశాడు. "సరేలే, నీ ఇష్టం. ముందు వాటిని బల్ల మీంచి తియ్యి."

ఆ తర్వాత పిన్ని రోజూ పని అయ్యాక మలుపు దగ్గరికి వెళ్ళి రాళ్ళను వేలితో తడిమి చూసేది. రెండో వారానికి వేలు జారింది. ఇన్నేళ్ళూ జారే రాయంటే ఒళ్ళు మండిన మనిషి ఆ పూట పడవ ముసలాయన్ని కేకేసి మరీ చూపించింది. నెల తిరిగేసరికి రాళ్ళ కింద పురుగులు, గడ్డి పీకిన చోట కొత్త చిగుళ్ళు వచ్చాయి. వానలు మొదలయ్యాక ఒక ఉదయం మరిది "వదినా!" అని పెట్టిన కేకకి పడవలో జనమంతా లేచి నిలబడ్డారు. గాలానికి అరచేతంత చేప పడింది. ఆ కేకలో, ఆ గంతుల్లో అది కాస్తా జారి నీళ్ళలో పడి పోయింది. అయినా ఆయన రోజంతా చేప ఎంత పొడుగో చేతులు చాచి చెబుతూనే ఉన్నాడు. సాయంత్రానికి అది మోచేయంత అయింది.

మరుసటి ఏడు మేడమ్ వచ్చినప్పుడు, "నాతో కలిసి రాళ్ళు గీకుతారా పిన్నీ?" అని అడిగింది. అన్ని రాళ్ళకీ ఒకే కొలత ఉండాలని సీసా మూత రాయి మీద పెట్టి, దాని చుట్టూ గీత గీసి, ఆ గుండ్రంలో ఉన్న పాచి మాత్రమే తియ్యాలి. మొదటి రాయికి పిన్ని చెయ్యి ఆగలేదు. గుండ్రం దాటి రాయంతా తోమేసింది. మేడమ్ తల పట్టుకుంది. రెండో రాయీ అంతే. మూడో రాయికి పంటి బిగువున, ఊపిరి బిగబట్టి, గీత దగ్గర ఆపింది.

"శభాష్ పిన్నీ!"

"ఉండమ్మా, ముందు నన్ను చూడనీ" అంటూ పిన్ని అప్పటికే ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపు మీదికి వంగింది.