నాగమ్మక్క మూయమన్న మెట్లు

పోయిన నెల మనుమరాలు నన్ను కారులో ఎక్కించుకుని ఒక పాత దిగుడుబావి చూపించడానికి తీసుకుపోయింది. ఎవరో పూనుకుని పూడిక తీయించి, రాళ్లు కడిగించి, చుట్టూ రంగుదీపాలు పెట్టించారు. జనం మెట్ల మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. "చెప్పులు విప్పి దిగు అవ్వా, చల్లగా ఉంటుంది" అంది. విప్పాను. పాచి వాసన ముక్కుకు కొట్టింది, తడిరాయి అరికాలికి తగిలింది. నా కాలు నన్నడగకుండానే వెనక్కి వచ్చింది. జారుతుందని భయపడ్డాననుకుని ఆ పిల్ల నవ్వింది. నా చీలమండ పైన రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. అది పురుగు బయటికి వచ్చిన చోటు అని చెబితే ఆ పూట అన్నం తినదని ఊరుకున్నాను. ఇంటికి వచ్చేదాకా నాగమ్మక్కే మనసులో మెదిలింది.

ఆమెను చూడనివాళ్ల కోసం రాస్తున్నాను. చూసినవాళ్లకు నేను రాసేది నచ్చదు. ఊరి పేరు రాయను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు దిగి, నల్లరేగడి చేలకు అడ్డంపడి నడిస్తే వచ్చే ఊళ్లలో అదొకటి. కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులు. నేను ఆత్మకూరు నుంచి ఆ ఊరికి కోడలిగా పోయాను. ఊళ్లో ఏ బావిలో చూసినా ఉప్పునీళ్లే. తియ్యనీళ్లు ఒక్క దిగుడుబావిలోనే ఉండేవి. అందరూ మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవలసిందే. అందరూ అన్నది మాటవరసకు. మాలపల్లె ఆడవాళ్లు పైమెట్టుకు ఇవతలే కుండలు పెట్టుకుని నిలబడేవాళ్లు. మాలో ఎవరికైనా మనసు పుడితే ఎత్తు నుంచి ఒక కడవ పోసేవాళ్లు. పుట్టకపోతే ఎండ నెత్తికెక్కేదాకా వాళ్లు అట్లా నిలబడాల్సిందే.

నాగమ్మక్కది మా పక్కిల్లు. నలభై దాటిన మనిషి. భూములున్న పెద్దింటి కోడలు, పిల్లలు లేరు, భర్త పోయాడు. ఆమె పంచాయతీ మెంబరు కావడమే ఒక నవ్వులాట. ఆమె పెద్దబావగారు ప్రెసిడెంటు. మా వార్డులో తన బావమరిదిని నిలపాలని ఆయన, తన కొడుకును నిలపాలని ఆయన తమ్ముడు పంతం పట్టారు. ఓటు దాకా పోతే ఇంటిగుట్టు రచ్చకెక్కుతుంది. పైగా ఎప్పుడూ ఏకగ్రీవమేనని మా ఊరికి చుట్టుపక్కల పేరు. చివరికి ఇద్దరి మాటా కాదని విధవ మరదలి పేరు రాయించారు. "ఆడమనిషి. కాగితం ఇంటికి పంపిస్తే వేలిముద్ర ఏస్తాది" అన్నాడట ప్రెసిడెంటు.

మొదటిసారి కాగితం తీసుకుని తలారి వచ్చినప్పుడు నేను వాళ్ల అరుగు మీదే ఉన్నాను. "కాగితం ఇంతదూరం నడిచొచ్చింది గదా, నేనూ అంతదూరం నడిచిపోతా" అంది నాగమ్మక్క. ఇంట్లో నుంచి ఈతచాప చుట్టి చంకన పెట్టుకుని చావడికి పోయింది. మగవాళ్లతో పాటు బల్ల మీద కూర్చుంటే ఒక మాట, కింద కూర్చుంటే ఒక మాట వస్తుందని తన చాప తానే తీసుకుపోయింది. అంతమంది మధ్య దాన్ని పరిచి, "మీరు మాట్లాడుకోండి. నేను ఇంటాంటా" అందట. ఆ సంగతి మా ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని మా అత్త మూతి తిప్పింది.

మరుసటేడు జొన్నకోతలప్పుడు నా చీలమండ పైన బొబ్బ లేచింది. రెండు రోజులకు అది పగిలి తెల్లటి దారం కొసలాంటిది బయటికి వచ్చింది. నేను కెవ్వుమంటే మా అత్త నవ్వింది. "నారికురుపు లేసిందా? ఇంగ నువ్వు ఈ ఊరిదానివైనావులే" అంది. అది ఆ ఊళ్లో ఆనవాయితీగా అనే మాట. నారికురుపు లేవని కోడలిని ఎన్నేళ్లయినా పరాయిదనే అనేవాళ్లు. ఏటా కోతలకు ప్రతి ఇంట్లో ఒకరిద్దరు మంచాన పడేవాళ్లు. మంట చల్లారుతుందని ఆ పుండు కాళ్లతోనే పోయి బావినీళ్లలో నిలబడేవాళ్లు. వాళ్లకు అది వాన పడటమంత మామూలు.

నాగమ్మక్క నవ్వలేదు. సన్నటి పత్తిపుల్ల తెచ్చి, పురుగు కొసను దానికి మెల్లగా చుట్టి, రోజూ పొద్దున్నే వచ్చి వేలెడంత మాత్రం లాగి చుట్టి, వావిలాకు కట్టి పోయేది. నాకు ఓపిక లేక ఒకరోజు పుల్ల మీద చెయ్యి వేస్తే గట్టిగా పట్టుకుంది.

"గుంజొద్దు పాపా. గుంజితే తెగుతాది. తెగితే లోపల కుళ్లుతాది."

"నీకెట్ల తెలుసక్కా?"

"మా ఆయప్ప గుంజినాడు."

అంతకు మించి చెప్పలేదు. మిగతాది తర్వాత మా అత్త చెప్పింది. కోతలకు మనుషులు దొరకని రోజుల్లో మంచంలో ఉంటే అన్న ఊరుకోడని, నాగమ్మక్క భర్త ఆ పురుగును చేత్తో లాగేశాడట. కాలు తొడదాకా నల్లబడి వారం తిరక్కుండా పోయాడు.

ఆ ఎండాకాలంలో ఆళ్లగడ్డ నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. పుండుకాలు నీళ్లలో పెడితే పురుగు తన పిల్లలను ఆ నీళ్లలో వదులుతుందని, ఆ నీళ్లు తాగినవాళ్లకు మళ్లీ ఏడాదికి పురుగు లేస్తుందని చావడి దగ్గర నిలబడి చెప్పాడు. దీనికి మందు లేదన్నాడు. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలకలు పెడితే ఎవరి కాలూ నీళ్లను తాకదు, రెండేళ్లలో ఊళ్లో ఈ పీడే ఉండదు, ఖర్చులో పెద్దభాగం సర్కారు ఇస్తుంది అన్నాడు. మగవాళ్లు తలలూపారు. నాగమ్మక్క చాప మీద నుంచి, "అంటే ఇన్నేండ్లూ మన పుండ్లు మనమే కడుక్కోని తాగుతాండామన్నమాట" అంది. ఒకాయన ఉమ్మి వేయడానికి లేచి బయటికి పోయాడు.

మొదట ప్రెసిడెంటు కూడా సరేనన్నాడు. గిలకలు ఎన్ని, ఏ పక్కన అన్న మాట వచ్చినప్పుడు ఆయన తమ్ముడు అడిగాడు, మెట్లు మూస్తే మాలపల్లెవాళ్లకు నీళ్లు ఎవరు పోస్తారని. "పోసే పనేముంది? వాళ్లే వచ్చి చేదుకుంటారు. సర్కారు డబ్బు పడ్డాక బావి అందరిదీ. కాదంటే నేరం" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పాపం, శుభవార్త చెబుతున్నట్టు. ఆయన సైకిలు ఊరు దాటేదాకా ఆగి ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు.

"సర్కారు దుడ్లు మనకొద్దు. మన తాతలు దిగిన మెట్లు. మనమూ దిగుదాం."

"ఆ దుడ్లొద్దంటే మన దుడ్లతోనే కట్టు బావా" అంది నాగమ్మక్క.

"ఎవురి దుడ్లతో కట్టినా గోడకాడికి వాల్లు రాకుండా పోతారా? తాడేస్తారు."

"వాల్లకు ఆ పక్క యేరే గిలక పెట్టు."

"గిలక యేరేదైతే నీళ్లు యేరేవైతాయా?"

"పురుగులు మునిగిన నీళ్లయితే తాగుతారు. వాల్ల తాడు మునిగితే తాగరా?"

ఇదంతా మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. తాగమనేదే వాళ్ల బదులు, నోటితో చెప్పడానికి సిగ్గు. వేరే గిలక అడిగినందుకు నాగమ్మక్కను నేను వెనకేసుకురాను. ఆమె కూడా అన్నేళ్లూ పైనుంచి కడవ ఎత్తి పోసినదే. ఆ వేరే గిలక మాటకు ఆమె తర్వాత నా ముందే తనను తాను తిట్టుకుంది. కానీ ఊరు ఆ మాత్రానికి కూడా ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది ఊరి సభ. చిన్న ఊళ్లలో అప్పుడు చేతులెత్తే లెక్కించేవాళ్లు. నాగమ్మక్క మధ్యాహ్నాలు మగవాళ్లు చేలకు పోయాక ఇల్లిల్లూ తిరిగింది. మంచాన ఉన్నవాళ్ల పుండుకాలు తన ఒళ్లో పెట్టుకుని, కట్టు మారుస్తూ, విషయం చెప్పింది. ఆడవాళ్లంతా ఒప్పుకున్నారు. నీళ్లు మోసేది వాళ్లు, పుండ్లు కడిగేది వాళ్లు. "చెయ్యెత్తేదానికి ఏం బరువు నాగమ్మా" అని మా అత్త కూడా అంది. మాలపల్లెలో సుంకమ్మ అని బావి దగ్గర అందరికన్నా ముందు వచ్చి నిలబడే మనిషి మాత్రం నిజం చెప్పింది. "మేమెత్తితే రేపు మాకు కూలి ఉండదమ్మా. మీరెత్తండి." నాగమ్మక్క, "మీరు ఎత్తొద్దు. మేమెత్తుతాం" అని మాటిచ్చి వచ్చింది.

సభ నాడు ఆడవాళ్లు మొట్టమొదటిసారి చావడికి వచ్చి వెనక కూర్చున్నారు. కుంటుతూ వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఊపిరాడనంత సంతోషంగా ఉండింది. ప్రెసిడెంటు లేచి ఎవరినీ కసరలేదు, బెదిరించలేదు. "మెట్లు మూయాలనేవాల్లు చేతులెత్తండి" అని, ఒక్క క్షణం ఆగి, "మగోల్లంతా ఎనక్కి తిరిగి మీ మీ ఇంటోల్లను సూసుకోండప్పా" అన్నాడు. ముందు కూర్చున్న మగవాళ్లంతా వెనక్కి తిరిగారు.

నాగమ్మక్క చెయ్యి లేచింది. ఆమె వైపు తిరిగి చూసే మగవాడు లేడు. నేనూ ఎత్తాను. మా అత్త నా మణికట్టు పట్టి కిందికి గుంజింది, గాజులు పగిలి చర్మం చీరుకుంది. మా ఆయన చూశాడు. చూసి, నేలచూపులు చూశాడు. మళ్లీ ఎత్తబోతే అత్త రెండు చేతులూ ఒడిసిపట్టింది. మిగతా ఆడవాళ్ల చేతులు కొంగుల కిందే ఉన్నాయి. ఆ చేతులలో ఎన్నింటికి వారం కింద నాగమ్మక్క కట్లు మార్చిన పుండ్ల వాసన అంటుకుని ఉందో నాకు తెలుసు.

"ఒకటి. సూసినాంలేమ్మా, దించు" అన్నాడు ప్రెసిడెంటు.

"రాసుకోనీ బావా. రాసినాక దించుతా."

రాసే ఆయన తాపీగా కలం వెతుక్కున్నాడు. ఆమె అంతసేపూ చెయ్యి దించలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మర్నాటి నుంచి నాగమ్మక్క పొద్దున్నే పోయి పైమెట్టు మీద కూర్చునేది. పుండు కాలుతో వచ్చినవాళ్లను దిగనిచ్చేది కాదు. వాళ్ల కడవ తీసుకుని తానే దిగి ముంచి తెచ్చేది. చెయ్యెత్తని ఆడవాళ్లు సిగ్గులేకుండా కడవలు ఇచ్చేవాళ్లు. అంతవరకు ఊరు ఓర్చుకుంది. సుంకమ్మ కుండలో ఎత్తి పోయడం మానేసి, అంచుకు అంచు ఆనించి పోసిన రోజు ఓర్చుకోలేదు. నాగమ్మక్క వాటా పొలానికి కాడి కట్టడానికి ఇంటివాళ్లు ఎద్దులు ఇవ్వలేదు, కూలివాళ్లను పోనివ్వలేదు. ఆ ఏడు చేను బీడుపడింది. సభలకు రావడం లేదని మెంబరు పదవి తీసేశారు. సభ ఉందని ఆమెకు చెప్పిన పాపాన పోయినవాడు లేడు. చివరికి వాళ్లు ఇచ్చినంత తీసుకుని, పొలం బావలకే వదిలి నంద్యాలకు పోయింది. రోడ్డు దాకా బండి కట్టినవాళ్లు కూడా లేరు. పెట్టె ఆమె, మూట నేను మోసుకుని నడిచాం. వీధి పొడవునా ఆడవాళ్లు గడపల్లో నిలబడి చూశారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆ ఏడుపులు నాకు ఇప్పటికీ అసహ్యం.

నంద్యాలలో ఒక గది అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలకు వండిపెట్టి బతికింది. సంతకు పోయినప్పుడల్లా నేను పోయి చూసేదాన్ని. ఆ ఇంటి పెరట్లో గోడ కట్టిన చేదబావి ఉంది. ఒకటే గిలక, ఒకటే తాడు. ఏయే కులాలవాళ్లో నాలుగు కాపురాల వాళ్లు వరసగా చేదుకుని పోయేవాళ్లు. ఎవరూ చావలేదు. ఒకసారి ఆ గోడ దగ్గర కూర్చుని ఉండగా అడిగాను.

"అంతమంది మాటిచ్చి తప్పినారు గదక్కా, నీకు కోపం రాల్యా?"

ఆమె చేతిలోని చిక్కుళ్లు గిల్లడం ఆపలేదు.

"వచ్చింది."

"మరి ఇప్పుడు?"

"యాడికి పోతాది? ఈడనే ఉంది. నువ్వు గూడా పోనియ్యొద్దు పాపా. ఆ ఊర్లో ఒక్కరికన్నా ఉండల్ల."

ఆమె పోయినప్పుడు కబురు అందేసరికి అంతా అయిపోయింది.

మెట్లు తర్వాత మూశారు. ప్రెసిడెంటుగారి మనుమడికి మోకాలి వెనక పురుగు లేచి కాలు వంకరపోయాక మూశారు. దానికన్నా ముందు ఊరికి ఆవల చౌడునేలలో మాలపల్లెకు వేరే బావి తవ్వించారు. అందులో పడినవి ఉప్పునీళ్లు. అది చూసుకున్నాకే ఇక్కడ గోడ లేచింది, గిలకలు వచ్చాయి, రెండేళ్లలో నారికురుపు పోయింది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా పెరగాలి అంటారే, మా పెద్దమనుషులు అది సాధించారు. సుంకమ్మ ఉప్పునీళ్లు తాగుతూనే పోయింది. నాగమ్మక్క నాకు నేర్పింది పురుగును ఓపికగా చుట్టడం ఒక్కటే అనుకునేవాళ్లున్నారు. ఆమె నేర్పింది మరవకపోవడం. మా ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేశాను, బిడ్డలను కన్నాను, ఆయన పోతే ఏడ్చాను. కానీ ఆ నేలచూపు మాత్రం క్షమించలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

రెండేళ్ల కిందట ఊళ్లో పంచాయతీ ఆఫీసు గోడకు ప్రెసిడెంటుగారి ఫోటో పెడుతూ సభ చేశారు. ముసలివాళ్లలో మిగిలింది నేనేనని పిలిచి ముందు కుర్చీ వేశారు. ఊరికి తియ్యనీళ్లు ఇచ్చిన మహానుభావుడని, పీడ వదిలించిన దార్శనికుడని పిల్లలు రాసుకొచ్చింది చదివారు. వాళ్లది తప్పు కాదు, వాళ్లకు చెప్పినది అంతే. ఫోటోకు దండ వేసి, అందరూ ఒక నిమిషం లేచి నిలబడాలని మైకులో అన్నారు. కుర్చీలన్నీ చప్పుడు చేశాయి. నేను కదలలేదు. వెనక నుంచి మా కోడలు వంగి, "మోకాళ్లు నొప్పా అత్తా? పట్టుకోనా?" అని గుసగుసగా అడిగింది.

"మోకాళ్లు బాగానే ఉన్నాయి" అన్నాను, పక్కవాళ్లకు వినబడేటట్టు.