వాగు దాటితే బరువెక్కే స్టీరింగ్

ఆమెను కొండ పని దగ్గర అందరూ బండక్క అనేవారు. బండి నడిపే అక్క కాబట్టి అలా పిలిచారు. మనిషి కూడా బండలా గట్టిగా ఉండేది గనక ఆ పేరు నిలిచిపోయింది. కొండ మీద కడుతున్న నీళ్ల ట్యాంకుకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులో సిమెంటు, పైపులు, కూలీలను చేరవేయడం ఆమె పని. ఆ ట్రక్కును బాగుచేసేది ఆమె భర్తే. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన మెకానిక్కు.

యాభై దాటాక ఆమెకు కుడి భుజం లాగడం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టీరింగ్ కూడా మొండికేసింది. వాగు దాటి మూడో మలుపు ఎక్కేటప్పుడు రెండు చేతులతో వేలాడితే తప్ప తిరిగేది కాదు.

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే, ఆయన షెడ్డు ముందు బండిని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. వెన్నలా తిరిగేది. అయినా ఆమె మాట కొట్టెయ్యలేక స్టీరింగ్ ఆయిల్ మార్చాడు, గొట్టాల్లో గాలి తీశాడు, చివరికి గొట్టాలు కూడా కొత్తవి వేశాడు. మలుపు దగ్గర మళ్లీ అదే కథ.

"బండిలో ఏమీ లేదు. నీ చేతిలో సత్తువే తగ్గిపోతోంది" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ. కోపంతో అన్న మాట కాదు, జాలితో అన్నది. ఆ జాలే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

"స్టీరింగ్ తిప్పడం నాకు కొత్తా? ముప్ఫై ఏళ్లుగా మిమ్మల్నే తిప్పుతున్నాను" అని నవ్వేసింది గానీ, గిన్నెలు తోముతూ తన చెయ్యి తానే చూసుకుంది. వెనక కూర్చునే కూలీలు గుర్తొచ్చారు. నా పంతం కోసం వాళ్ల ప్రాణాలతో ఆడుకుంటున్నానా అనిపించింది. మేస్త్రీతో ఇంకో డ్రైవర్ని చూసుకోమని చెప్పేద్దామనుకుంది. చెప్పేముందు ఒక్కసారి తేల్చుకోవాలనిపించింది.

"ఇవాళ నాతో కొండెక్కండి" అంది తెల్లారగానే.

"షెడ్డులో రెండు బళ్లున్నాయే."

"అవెక్కడికి పోతాయి? పోలేకే కదా మీ దగ్గరికొచ్చాయి."

ఆయన ఎక్కి కూర్చున్నాడు. వాగులో నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. దాటగానే ఇంజను కీచుమంది. మూడో మలుపు కింద చదునుగా ఉన్నచోట ఆమె బండి ఆపి, ఇంజను ఆపకుండానే దిగి, "ఇప్పుడు మీరు తిప్పండి" అంది.

ఆయన తిప్పాడు. కదల్లేదు. కాళ్లు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగితే అరచుట్టు తిరిగింది.

ఇంజను ఆపి, దిగి, బానెట్ ఎత్తాడు. స్టీరింగ్‌కు బలమిచ్చే పంపును తిప్పే బెల్టు తడిసి ఉంది. బొటనవేలితో నొక్కితే ఉయ్యాల తాడులా వదులుగా ఊగింది.

"ఈ బెల్టు రెండు నెలల కింద నేనే వేశాను. కొత్తది నాలుగు రోజులు తిరిగాక సాగుతుంది, మళ్లీ బిగించాలి. మర్చిపోయాను. తడిసినప్పుడల్లా జారిపోతోంది, ఇక పంపేం తిరుగుతుంది? వాగు నుంచి ఇంటికి గంట దారి. వచ్చేసరికి ఆరిపోతోంది. నేను చూసింది అక్కడే."

ఆమె రాయి మీద కూర్చుంది. సంతోషమో ఉక్రోషమో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సత్తువ తగ్గిందన్నారు" అంది.

"అన్నాను. తప్పు నాదే" అన్నాడాయన, పానా వెతుకుతూ.

బెల్టు బిగించాక ఆ మలుపు ఆమే ఎక్కించింది. స్టీరింగ్ మాట విన్నది.

భుజం నొప్పి మాత్రం పోలేదు. అదీ నిజమే. చెబితే బండి మీంచి దించేస్తారని ఇన్నాళ్లూ దాచింది. ఇక దాచబుద్ధి కాక ఆయనకు చెప్పింది. డాక్టరు కసరత్తు నేర్పాడు. రోజూ పొద్దున్నే షెడ్డు గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకెత్తేది. ఆయన పక్కన నిలబడి, వేళ్లు ఎంతవరకు అందాయో సుద్దముక్కతో గీత గీసేవాడు. నెల తిరిగేసరికి ఆ గీత ఆమె తల దాటింది.