కారు జబ్బు తెలుసుకోవడానికి గూడెం వెళ్లిన రోజు

వదినగారికి నమస్కారం. ముందుగా నా రాతను మన్నించండి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు తప్పుతాను, అక్షరాలు వంకరపోతాయి. అన్నయ్యగారి కారులోనూ ఇంజన్ దీపం ఆరడం లేదని, మీరూ గూడెం వెళ్దామనుకుంటున్నారని తెలిసి, మేం వెళ్లొచ్చిన సంగతి రాస్తున్నాను.

మా పాత కారు నెల రోజులుగా వేడెక్కితే ఆగిపోయేది. ఆగితే అరగంటదాకా స్టార్టయ్యేది కాదు. ఏలూరులో ఒక మెకానిక్ చూసి, లోపల కంప్యూటరు పోయిందన్నాడు. అది మార్పించడం మావల్ల కాదు. కారు అమ్మేసి ఆకివీడులో చేపల లారీ డ్రైవరుగా ఎక్కుతానన్నారు మీ తమ్ముడుగారు. ఆ లారీలు కలకత్తాదాకా పోతాయి. ఎక్కితే మనిషి వారాల తరబడి ఇంటికి రారని నా భయం. అప్పుడే సత్యంగారు కిరాయికి మా కారెక్కారు. ఆయన తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ల్యాబులో మిషన్లు బాగుచేస్తారు. "జబ్బేమిటో కారే చెబుతుందయ్యా. అడిగే పరికరం మనమే చేసుకుందాం, శనివారం ఇంటికి రా" అన్నారట.

పొద్దున్నే ఆరింటికి ప్రార్థన చేసుకుని, మూడు వందలకు పెట్రోలు పోయించుకుని బయల్దేరాం. భీమడోలు మీదుగా హైవేలో యాభై కిలోమీటర్లు. మీకు నల్లజర్ల నుంచి ఇంకా దగ్గరే. ఉంగుటూరు దాటాక కారు ఆగింది. రైసుమిల్లు పనికి పోతున్న ఇద్దరు పక్కకు తోశారు. నేను దిగబోతే, "కూర్చోండమ్మా, మీరు దిగినా బండికి తెలీదు" అని నవ్వారు. చేరేసరికి తొమ్మిదైంది.

సత్యంగారిల్లు మార్కెట్ యార్డు వెనక. గింజంత ఎర్ర దీపం, ఒక రెసిస్టరు, రెండు వైర్లు, అన్నీ కలిపి పదిహేను రూపాయల సామాను. సోల్డరింగ్ మీ తమ్ముడుగారి చేతే చేయించి, ఖాళీ సబ్బుపెట్టెకు కన్నం పెట్టి అందులో బిగించారు. "మా ఇంట్లో సబ్బులు నేలమీదేనమ్మా, పెట్టెలన్నీ ఈయన పరికరాలకే" అన్నారు వాళ్లావిడ.

ఒక వైరు బ్యాటరీకి, రెండోది ఇంజన్ పక్కనున్న చిన్న ప్లగ్గుకి తగిలించారు. దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఎన్నిసార్లు వెలిగిందో ఇద్దరూ లెక్కపెట్టారు. నాలుగు, ఒకటి. నలభై ఒకటి. ఏ అంకె ఏ జబ్బో రాసున్న కాగితం సత్యంగారి దగ్గరుంది, అందులో చూస్తే అది స్పార్కు, కంప్యూటరు వైపు జబ్బు. మీ తమ్ముడుగారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

మా పుట్టింట్లో నేను చేపపిల్లలు లెక్కపెట్టేదాన్ని. వందకోసారి ఆగి, ఒక గవ్వ పక్కన పెట్టి మళ్లీ మొదలెట్టాలి. ఆ అలవాటుతో దీపం ఎక్కడ ఆగుతోందా అని చూస్తున్నాను.

"ఏవండీ, ఒకటి తర్వాత కాదండీ, నాలుగు తర్వాత ఎక్కువసేపు ఆగుతోంది."

"నువ్వుండు సునీతా."

"ఆ పిల్ల ఏదో చెబుతోంది, వినండి ముందు" అని కసిరారు వాళ్లావిడ.

సత్యంగారు మళ్లీ చూశారు. "నిజమేనయ్యా! మధ్యలో అందుకుని తిరగేసి చదివాం. ముందు ఒకటి, తర్వాత నాలుగు. పద్నాలుగు!"

పద్నాలుగంటే నీళ్ల వేడి చూసే సెన్సారు. దాని ప్లగ్గు పచ్చగా చిలుం పట్టి ఉంది. గీకి తుడిచి, పాత జబ్బు గుర్తు చెరిగిపోవాలని బ్యాటరీ వైరు కాసేపు తీసి, మళ్లీ తగిలించారు. కారులో దీపం ఆరిపోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు. భోజనం పెట్టి, సబ్బుపెట్టె కూడా మాకే ఇచ్చారు.

పరీక్షగా ఉంటుందని భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా చుట్టుదారిలో తిరిగొచ్చాం. రెండింటికి బయల్దేరితే కొల్లేరు చేరేసరికి అయిదు. నీళ్ల మీద గూడబాతులు. "ఎన్నున్నాయో లెక్కపెట్టు చూద్దాం" అన్నారు వేళాకోళంగా. "పరిగెడుతుంటే ఎలాగండీ, ఆపండి" అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. నెల రోజులుగా దారిలో ఎక్కడా ఇంజన్ ఆపడానికి ధైర్యం చెయ్యని మనిషి, తాళం తిప్పి ఆపేశారు. కాసేపు చూస్తూ కూర్చున్నాం. మళ్లీ తిప్పగానే స్టార్టయింది. లారీ మాట ఇక ఎత్తలేదు.

ముక్కూమొహం తెలియని నలుగురు ఆ రోజు మా కోసం చేతులు మసి చేసుకున్నారు. దేవుడు వాళ్లను చల్లగా చూడాలి. నేను నోరు విప్పగలనని నాకే తెలియదు. ఆ అమ్మ కసరకపోతే మింగేసి ఊరుకునేదాన్ని.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దీపం మూడు విడతలు తిరిగేదాకా అంకె రాయకండి, పెద్దగా ఆగిన తర్వాతే లెక్క మొదలు. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యండి వదినగారూ. మీ తమ్ముడుగారు లెక్క తప్పారని రాశాను, చూస్తే చిన్నబుచ్చుకుంటారు.